పన్ను తీయించుకున్నాక ఏమి తినాలి: పోపు లేని పది రోజుల పథ్యం

మా పై అంతస్తులో అద్దెకుండే కుర్రవాడు కింది జ్ఞాన దంతం తీయించుకున్న మూడో రోజు సాయంత్రం మెట్ల మీద కూలబడిపోయాడు. పన్ను తీసిన చోట ఏ ఇబ్బందీ లేదు. ఆ మూడు రోజుల్లో అతను తిన్నదల్లా రెండు కప్పుల ఐస్‌క్రీము, రెండు బోండాల నీళ్లు, ఒక గ్లాసు గంజి. నొప్పి మాత్రలు మాత్రం పూటపూటా ఖాళీ కడుపు మీదే వేసుకున్నాడు. కారం తినవద్దని డాక్టరు చెప్పారు. "పప్పు ముట్టకు నాన్నా, చీము పడుతుంది. పెరుగు జోలికి వెళ్లకు" అని ప్రొద్దుటూరు నుంచి వాళ్ల అమ్మ ఫోనులో చెప్పింది. ఈ రెండు మాటలూ కలిపేసరికి ఆ పిల్లవాడికి తినడానికి ఏమీ మిగలలేదు.

ఆ రాత్రి పెసరపప్పు జారుగా ఉడికించి, వడకట్టి, గోరువెచ్చగా గ్లాసులో పోసి ఇచ్చాను. అరగంటలో మొహం తేటపడింది. అంతకు ముందు మా వారికి, ఆ తరువాత మా అత్తగారికి కూడా పళ్లు తీసినప్పుడు వండిపెట్టింది నేనే. బెంగళూరులో ఒంటరిగా ఉంటూ ఇలాంటి చికిత్సలు చేయించుకునే మన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం, వాళ్లకు వండిపెట్టే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పన్ను తీయించుకోవడం, చిగురుకు కుట్లు వేయించుకోవడం, ఇంప్లాంటు పెట్టించుకోవడం, వీటిలో దేనికైనా ఈ క్రమం పనికివస్తుంది. మీ డాక్టరు మీ నోరు చూసి వేరే మాట చెప్తే ఆ మాటే పాటించండి.

నేను నొక్కి చెప్పదలచుకున్నది ఒకటే. తిండి మెత్తగా ఉంటే చాలదు, అందులో సత్తువ ఉండాలి. పుండు మానడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, పాలలో, పెరుగులో, గుడ్డులో ఉన్నాయి. మన వంటింట్లోంచి ఈ పది రోజులు తీసి పక్కన పెట్టవలసినవి కారం, పోపు గింజలు. పప్పు, పెరుగు కావు.

ముందురోజే చేసుకోవలసిన పనులు

నోట్లో కుట్లతో, వాచిన బుగ్గతో కిరాణా కొట్టుకు వెళ్లాలని ఎవరికీ అనిపించదు. అందుకని సరుకులు ముందురోజే తెచ్చుకోండి. ఒక మనిషికి మొదటి ఐదు రోజులకు అర కిలో పెసరపప్పు, పావుకిలో రాగిపిండి, అరడజను గుడ్లు, కొద్దిగా నెయ్యి, ఒక సొరకాయ, ఒక బొప్పాయి, అరడజను అరటిపళ్లు సరిపోతాయి. పాలు, పెరుగు నందిని బూతులో ఏ రోజుకు ఆ రోజు దొరుకుతాయి. వీధి చివరి కొట్లో కన్నడం తప్ప రాకపోతే పెసరపప్పును హెసరుబేళె అని, రాగిపిండిని రాగి హిట్టు అని, సొరకాయను సోరెకాయి అని అడగండి. పండ్లకు హాప్‌కామ్స్ దుకాణం మంచిది. అక్కడి చిన్న ఏలక్కి అరటిపండు బాగా పండితే నాలుక, అంగుడి మధ్యే నలిగిపోతుంది.

రాగిపిండిని సన్న జల్లెడతో రెండుసార్లు జల్లించి డబ్బాలో పోసుకోండి. మర పట్టించిన పిండిలో పొట్టు నలుసులు ఉంటాయి. మామూలు రోజుల్లో అవి మన కంట పడవు, కానీ పన్ను తీసిన గుంటలో ఒక్క నలుసు చేరినా రోజంతా సలుపుతుంది. జీలకర్రను దోరగా వేయించి మెత్తగా పొడి చేసి ఉంచుకోండి. పోపు లేని లోటును ఈ పొడే చాలావరకు తీరుస్తుంది.

డాక్టరు దగ్గర మూడు సంగతులు అడిగి తెలుసుకోండి. కుట్లు వాటంతట అవే కరిగిపోతాయా, వారం తరువాత తీయాలా? రాసిచ్చిన మందుల్లో పాలతో కలిపి వేసుకోకూడనివి ఉన్నాయా? కొన్ని రకాల యాంటీబయాటిక్‌లు పాలలోని కాల్షియంతో కలిస్తే ఒంటికి సరిగ్గా పట్టవు కనుక ఈ ప్రశ్న ముఖ్యం. ఇక మూడోది, పని మొదలుపెట్టే ముందు భోజనం చేసి రావచ్చా? చిగురుకు మాత్రమే మత్తు ఇచ్చేటట్లయితే సాధారణంగా కడుపునిండా తినే రమ్మంటారు, ఆ తరువాత కొన్ని గంటలు సరిగ్గా తినలేరు కాబట్టి. మనిషికే పూర్తిగా మత్తు ఇచ్చేటట్లయితే ఎన్ని గంటల ముందు నుంచి ఏమీ తినకూడదో వాళ్లే చెప్తారు. దాన్ని తూచా తప్పకుండా పాటించాలి.

మొదటి రోజు: రక్తపు గడ్డను కాపాడుకోవాలి

పన్ను ఊడి వచ్చిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. కింద బయటపడిన ఎముకకు, నరాలకు ఆ గడ్డే కప్పు. దాని మీదుగానే కొత్త కండ పెరుగుతుంది. అది ముందే ఊడిపోతే ఎముకకు గాలి, నీళ్లు తగిలి భరించలేని నొప్పి పుడుతుంది. మొదటి రోజు చెప్పే జాగ్రత్తలన్నీ ఈ గడ్డ కోసమే.

డాక్టరు పెట్టిన దూదిని చెప్పినంతసేపు, సాధారణంగా అరగంట నుంచి ముప్పావు గంట వరకు, గట్టిగా కరిచి పట్టుకోవాలి. ఆ తరువాత ఉమ్మకూడదు. ఊరిన లాలాజలాన్ని మింగేయడమే. పుక్కిలించకూడదు. గొట్టంతో దేన్నీ పీల్చకూడదు, ఆ పీల్పుకు గడ్డ కదిలిపోతుంది. కొబ్బరిబోండాం కొట్టేవాడు అలవాటు కొద్దీ గొట్టం వేసి చేతికిస్తాడు. అది తీసేసి, ఇంటి నుంచి తీసుకెళ్లిన సీసాలో నీళ్లు పోయించుకోండి. సిగరెట్టు తాగడమూ పీల్చడమే, పైగా పొగ పుండును మాననివ్వదు. మద్యం కూడా మానాలి. మెట్రోనిడజోల్ అనే మందు రాసిస్తే దానితో మద్యం అసలే పనికిరాదు.

నీళ్లు తాగేటప్పుడు గ్లాసు ఎత్తి పట్టి గొంతులో పోసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. తిమ్మిరెక్కిన నోటితో అలా తాగితే పొలమారుతుంది. ఈ కొద్దిరోజులు గ్లాసు అంచును పెదవికి ఆనించి కొంచెం కొంచెంగా తాగండి.

తిమ్మిరి పోవడానికి రెండు మూడు గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంతవరకు నమిలే తిండి ఏదీ వద్దు. పెదవినో బుగ్గనో నాలుకనో కరుచుకున్నా తెలియదు. పిల్లలైతే తిమ్మిరెక్కిన పెదవిని సరదాగా కొరికి పుండు చేసుకుంటారు, పక్కనే కూర్చుని చూసుకోవాలి. వేడి కూడా నోటికి తెలియదు. పసిపిల్లల పాలకు చేసినట్లే, చెంచాతో రెండు చుక్కలు మణికట్టు మీద వేసి చూడండి. చర్మానికి వేడి తగలకపోతేనే నోటికి ఇవ్వండి. మొదటి 24 గంటలు చల్లనివి, లేదా గది వేడిలో ఉన్నవి మాత్రమే తినాలి. వేడి తగిలితే రక్తం మళ్లీ కారవచ్చు.

తిమ్మిరి తగ్గుతున్నప్పుడు చల్లటి పాలు, చిలికిన తియ్యటి పెరుగు ఇవ్వవచ్చు. ఐస్‌క్రీము తింటే తప్పేమీ లేదు, హాయిగా ఉంటుంది. జీడిపప్పు పలుకులు, బిస్కెట్టు ముక్కలు లేని వెనిల్లా అయితే మంచిది. దాన్ని భోజనంగా లెక్కవేయకండి. నొప్పి మాత్ర వేసుకునే ముందు కడుపులో ఒక గ్లాసు పాలో, పెరుగో, జావో తప్పకుండా పడాలి.

బుగ్గ మీద బట్టలో చుట్టిన మంచుగడ్డ పావుగంట పెట్టి, పావుగంట తీసేస్తూ ఉండండి. పడుకునేటప్పుడు తలకింద ఒక దిండు ఎక్కువ పెట్టుకోండి.

పప్పు, పెరుగు గురించిన భయం

"పప్పు తింటే పుండు చీము పడుతుంది" అనే మాట మన ఇళ్లలో తరాలుగా ఉంది. కోత పడినా, కాలు గీరుకున్నా, కాన్పు అయినా ముందు మానిపించేది కందిపప్పే. పెద్దవాళ్లు ఈ మాట ప్రేమతోనే చెప్తారు. కానీ చీము పట్టేది పుండులో సూక్ష్మక్రిములు చేరినప్పుడు. పప్పు తినడానికీ చీముకూ సంబంధం లేదు. తెగిన చోట కొత్త కండ కట్టడానికి కావలసిన ముడిసరుకు మాంసకృత్తులే. శాకాహారుల ఇంట్లో పప్పు, పెరుగు రెండూ ఆపేస్తే ఆ ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఎంత కావాలో లెక్క వేసుకుందాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల మనిషికి ఇది సుమారు 46 గ్రాములు. గాయం మానే రోజుల్లో ఇంకొంచెం ఎక్కువైనా మంచిదే కానీ తగ్గకూడదు. 50 గ్రాముల పెసరపప్పులో దాదాపు 12 గ్రాములు, రెండు గుడ్లలో మరో 12, 400 మిల్లీలీటర్ల పాలలో 12కు పైగా, 200 గ్రాముల పెరుగులో 6, నాలుగు పెద్ద చెంచాల రాగిపిండిలో రెండు మూడు ఉంటాయి. మొత్తం 45 దాకా వచ్చింది. ఇందులో నమలవలసింది ఒక్కటీ లేదు. గుడ్డు తినని వాళ్లు పప్పు కొంచెం పెంచి, 70 గ్రాముల పనీరును పాలతో కలిపి మెత్తగా రుబ్బి జావలోనో పప్పులోనో కలుపుకుంటే అదే లెక్క తేలుతుంది. అదే ఐస్‌క్రీము, కొబ్బరినీళ్లు, బియ్యపు గంజితో నడిపితే రోజంతా కలిపినా పది గ్రాములు దాటడం కష్టం. మా పై అంతస్తు కుర్రవాడు కూలబడింది అందుకే.

పెరుగు విషయానికి వస్తే, చల్లగా, నున్నగా, తియ్యగా ఉండే పెరుగు ఈ రోజులకు చేసి పెట్టినట్లే ఉంటుంది. యాంటీబయాటిక్ వల్ల కడుపు పాడైన వాళ్లకు కూడా మేలు చేస్తుంది. పులిసిన పెరుగు మాత్రం పుండుకు చురుక్కుమంటుంది, తాజాగా తోడుకున్నదే వాడండి. బయట దొరికే మసాలా మజ్జిగ వద్దు. అందులో మిర్చి, అల్లం, కొత్తిమీర నలుసులు ఉంటాయి.

ఇంట్లో అమ్మతో, అత్తగారితో వాదన పెట్టుకోనక్కరలేదు. నేను ఆ కుర్రవాడి అమ్మగారికి ఫోను చేసి, "పప్పు కాదక్కా, పప్పు మీది కట్టు ఇస్తున్నాను" అని చెప్పాను. ఆవిడ తేలికపడింది. మూడు రోజుల తరువాత తానే, "ఇంకొంచెం చిక్కగా ఇవ్వమ్మా, నీరసంగా మాట్లాడుతున్నాడు" అంది.

రెండో రోజు, మూడో రోజు: తాగే భోజనం

వాపు సాధారణంగా రెండో రోజు, మూడో రోజు బాగా పెరిగి, ఆపైన తగ్గుతుంది. ఆ రోజుల్లో నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోవచ్చు. పెద్ద చెంచా వద్దు. పిల్లలకు మందు పోసే చిన్న చెంచా కానీ సన్న అంచు గ్లాసు కానీ పెట్టుకోండి. మూడు పెద్ద భోజనాలకు బదులు రెండున్నర గంటలకు ఒకసారి ఒక గ్లాసు అనుకుంటే రోజు తేలికగా గడుస్తుంది.

ముందు పెసరకట్టు. పావు కప్పు పెసరపప్పును, అంటే దాదాపు 50 గ్రాములు, మూడుసార్లు కడిగి, చిటికెడు పసుపు, ఒకటిన్నర కప్పుల నీళ్లు పోసి కుక్కరులో నాలుగు కూతలు రానివ్వండి. మూత వచ్చాక పప్పుగుత్తితో ఎడాపెడా మెదపండి. కంటికి నున్నగానే కనిపిస్తుంది. అయినా జల్లెడలో పోసి గరిటె వెనక భాగంతో నొక్కుతూ దించండి. అడుగున ఒక అర చెంచా పలుకులు మిగులుతాయి. మీ పుండును మీరు తప్పించింది వాటి నుంచే. మిగిలినదంతా చిక్కగా కిందికి దిగుతుంది, దాన్ని పారబోయకండి. పైన తేటను మాత్రమే తీసుకుంటే సత్తువ గిన్నెలోనే ఉండిపోతుంది. ఉప్పు వేసి, అర చెంచా జీలకర్ర పొడి కలపండి.

ఇప్పుడు పోపు సంగతి. పోపు లేని పప్పు మనకు గొంతు దిగదు, ఆ బాధ నాకు తెలుసు. దానికి ఒక మార్గం ఉంది. చిన్న గరిటెలో రెండు చెంచాల నెయ్యి కాచి, ఆవాలు చిటపటలాడనిచ్చి, జీలకర్ర, కరివేపాకు, ఇంగువ వేయండి. ఎండుమిర్చి వద్దు. దించి, టీ వడకట్టే జల్లెడను గిన్నె మీద పెట్టి ఆ నేతిని దానిలోంచి పోయండి. గింజలు, ఆకులు జల్లెడలో ఆగిపోతాయి. వాసనంతా నేతితో పాటు పప్పులోకి దిగుతుంది. స్టీలు జల్లెడే వాడండి, కాగిన నేతికి ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఒక్క ఆవగింజ కూడా జారలేదని చూసుకోండి. పన్ను తీసిన గుంట ఆవగింజ పట్టడానికి సరిగ్గా సరిపోతుంది, లోపలికి వెళ్తే నాలుకతో తీయలేరు, వేలు పెట్టకూడదు.

తరువాత రాగి జావ. జల్లించిన రాగిపిండి రెండు పెద్ద చెంచాలు అర కప్పు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. ఒకటిన్నర కప్పుల నీళ్లు మరుగుతుండగా దాన్ని సన్నని ధారగా పోస్తూ కలియబెట్టండి. ఐదారు నిమిషాలు సన్నసెగ మీద ఉడికితే పచ్చివాసన పోయి, రంగు ముదురుతుంది. గరిటె ఎత్తితే జారే మెరుపు కనిపిస్తుంది. దించి చల్లారనివ్వండి. చల్లారేటప్పుడు పైన తోలులాంటి పొర కడుతుంది. అది చిగుళ్లకు అతుక్కుంటుంది కనుక చెంచాతో తీసేయండి. పూర్తిగా చల్లారాక చిలికిన పెరుగు అర కప్పు, ఉప్పు కలపండి. దేశంలో రాగులు ఎక్కువగా పండేది కర్ణాటకలోనే, మంచి పిండికి ఇక్కడ కరువు లేదు. రాగుల్లో కాల్షియం కూడా దండిగా ఉంటుంది, 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైనే. సగ్గుబియ్యం జావ కూడా మెత్తగానే ఉంటుంది కానీ అందులో పిండిపదార్థం తప్ప దాదాపు ఏమీ లేదు. పాలతో కాచినప్పుడే దాన్ని ఒక పూటగా లెక్కవేయండి.

మూడోది మెదిపిన పెరుగన్నం. బియ్యానికి ఐదింతలు నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, వేడిగా ఉన్నప్పుడే చేత్తోనో పప్పుగుత్తితోనో ముద్ద చేసి, పాలు పోసి, చల్లారాక పెరుగు కలపండి. ఇది రెండో రోజు రాత్రికి చాలామందికి సుఖంగా దిగుతుంది. దేన్నైనా నోట్లో పెట్టుకునే ముందు నేను చేసే పరీక్ష ఒకటి ఉంది. ఒక మెతుకు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపాలి. వేళ్ల మధ్య ఏమీ గరుకుగా తగలకుండా జారిపోతే నోటికి సిద్ధమైనట్లు. పలుకు తగిలితే ఇంకా మెదపాలి. బెంగళూరు హోటళ్లలో దొరికే పెరుగన్నం కొనకండి, దానిలో ఆవాలు, మినప్పప్పు, కొన్నిచోట్ల దానిమ్మ గింజలు కూడా వేస్తారు.

బెంగళూరులో బటర్ ఫ్రూట్ అని పిలిచే అవకాడో పండు ఈ రోజులకు చాలా మంచిది. పండిన దాన్ని చెంచాతో తీసి పాలతో కలిపి తిప్పితే వెన్నలా అవుతుంది, ఆకలి కూడా ఆగుతుంది. జ్యూసు కొట్లో తీసుకుంటే గొట్టం, మంచుముక్కలు వద్దని చెప్పండి, చక్కెర తగ్గించమనండి. నారింజ, బత్తాయి, అనాస రసాలు పుండుకు మండుతాయి, వారం ఆగండి. సి విటమిన్ కావాలంటే బొప్పాయి ఉంది. గింజలు శుభ్రంగా తీసి, మెదిపి తింటే పుల్లదనం లేకుండానే అందుతుంది. మెత్తటి తిండి, నొప్పి మందుల వల్ల వచ్చే మలబద్ధకానికి కూడా అదే మందు. జామ, అంజూర, డ్రాగన్ పండు, సబ్జా గింజలు వేసిన పానీయాలు వద్దు, అన్నీ గింజలే.

నాలుగో రోజు నుంచి ఏడో రోజు వరకు

వాపు దిగుతున్న కొద్దీ నోటికి కొంచెం రుచి తెలుస్తుంది, ఆకలి పెరుగుతుంది. ఇప్పుడు గ్లాసు నుంచి పళ్లేనికి మారవచ్చు.

ఇడ్లీ బాగుంటుంది, అయితే పొడిగా కాదు. తట్టె ఇడ్లీని ముక్కలు చేసి పాలలోనో, వడకట్టిన పప్పుకట్టులోనో ఐదు నిమిషాలు నానబెట్టి చెంచాతో తినండి. హోటల్లో తెచ్చుకుంటే ఇడ్లీ మాత్రమే తెచ్చుకోండి. కొబ్బరి చట్నీలో పచ్చికొబ్బరి నలుసులు, మిర్చి ఉంటాయి. "ఒగ్గరణె బేడ, ఖార బేడ" అంటే పోపు వద్దు, కారం వద్దు అని. కానీ సాంబారు పెద్ద గిన్నెలో ముందే తయారై ఉంటుంది కాబట్టి ఆ మాట అక్కడ పనిచేయదు. బెంగళూరులోనే పుట్టిన రవ్వ ఇడ్లీ చూడటానికి మెత్తగా ఉన్నా, రవ్వ పలుకులు, ఆవాలు, జీడిపప్పు ఉంటాయి. ఉప్మా కూడా ఇంతే. రెండూ రెండు వారాల తరువాతే.

పెసరపప్పు, బియ్యం సమానంగా వేసి, సొరకాయ ముక్కలతో కలిపి మెత్తగా ఉడికించిన పులగం ఈ రోజుల్లో ప్రధాన భోజనం. సొరకాయ లేకపోతే తియ్య గుమ్మడి, తొక్క బాగా తీసిన బీరకాయ. గింజ ముదిరిన కాయ వద్దు. టమాటా వేయాలంటే గింజలు, తొక్క తీసి కొద్దిగా. ఆకుకూర పీచు చిగుళ్లలో చిక్కుకుంటుంది, పాలకూరను ఉడికించి రుబ్బితేనే వాడండి.

గుడ్డును గిలక్కొట్టి, రెండు చెంచాల పాలు, ఉప్పు వేసి, సన్నసెగ మీద నెయ్యి రాసిన పెనంలో కదుపుతూ తడిగా ఉన్నప్పుడే దించండి. ఎండిపోయి, అంచులు కరకరలాడేలా వేగితే మళ్లీ మొదటికొస్తుంది. పూర్తిగా ఉడకని పచ్చిగుడ్డు మాత్రం తాగకండి.

రాగి సంగటి తినే సీమవాళ్లకు, ముద్దె తినే ఇక్కడివాళ్లకు ఒక అనుకూలత ఉంది. దాన్ని నమలరు, చిన్న ఉండ చేసి మింగుతారు. ఐదారు రోజులకు నోరు తెరుచుకుంటే గోరువెచ్చగా, చిన్న చిన్న ఉండలుగా, పప్పుకట్టులో ముంచి తినవచ్చు. పొగలు కక్కే సంగటి మాత్రం ఇప్పుడే వద్దు. మాంసాహారులు ముళ్లు జాగ్రత్తగా తీసిన మెత్తటి చేపను కారం లేకుండా ఉడికించి అన్నంలో మెదుపుకోవచ్చు.

నమలడం మొదలుపెట్టేది పన్ను తీయని వైపునే. రెండు వైపులా తీస్తే ముందరి పళ్లతో కొంచెం నలిపి మింగండి.

తిన్న తరువాత

24 గంటలు గడిచాక, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకోండి. పుక్కిలించడం కాదు. తలను ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు వంచి, నీళ్లను వాటంతట అవే కదలనిచ్చి, సింకు మీదికి వంగి నోరు తెరిచి జారవిడవండి. ఉమ్మవద్దు. గుంటలో మెతుకు కనిపించినా పుల్ల, పిన్ను, వేలు పెట్టకండి. రెండు మూడుసార్లు ఉప్పునీళ్లకు పోకపోతే డాక్టరును అడగండి, మొన లేని సిరంజితో ఎలా కడగాలో, ఎప్పటి నుంచి కడగాలో చూపిస్తారు. మిగతా పళ్లను మెత్తటి బ్రష్షుతో తోముకోవాలి. తోమడం మానేస్తేనే నోట్లో క్రిములు పెరుగుతాయి.

పీజీ గదిలో ఉన్నవాళ్లకు

మారతహళ్లిలోనో, బీటీఎం లేఅవుట్‌లోనో పీజీలో ఉంటూ, పొయ్యి పెట్టుకోవడానికి వీలులేని పిల్లలు ఈ వంటలు చదివి నిట్టూర్చవద్దు. అనుమతిస్తే ఒక చిన్న కరెంటు రైస్ కుక్కరు చాలు. అరకప్పులో సగం బియ్యం, సగం పెసరపప్పు, మూడు కప్పుల నీళ్లు, ఉప్పు, పసుపు వేసి వదిలేస్తే పులగం తయారవుతుంది. ఉడికాక చెంచా వెనకతో మెదుపుకోవచ్చు. కుక్కరు కూడా లేకపోతే పీజీలో వంట చేసే అక్కను ఒక మాట అడగండి. పోపు వేయకముందు ఒక గిన్నెడు పప్పు, ఒక గిన్నెడు మెత్తటి అన్నం పక్కకు తీసి పెట్టమంటే కాదనేవాళ్లు తక్కువ. నోరు తెరవలేని స్థితిలో ఉన్నప్పుడు అడగలేరు కాబట్టి ముందురోజే అడగండి. పాలు, పెరుగు, అరటిపండు, బటర్ ఫ్రూట్ ఏ వంటా లేకుండా దొరుకుతాయి. నీళ్లు కాచే కెటిల్ ఉంటే, మెత్తగా పొడి చేసిన ఓట్స్‌ను వేడి పాలలో పది నిమిషాలు నానబెట్టి, చల్లార్చుకుని తాగవచ్చు. ఇంటికి ఫోను చేయండి. మొదటి రెండు రాత్రులు గదిలో ఇంకొకరు ఉండేలా చూసుకోండి.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు

మా అత్తగారికి చక్కెర వ్యాధి ఉంది. పళ్లు తీసిన రోజు మాత్ర మామూలుగా వేసుకుని, తినడానికి మాత్రం భయపడింది. మాత్ర వేసుకుని తినకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తిండి తగ్గే రోజుల్లో మాత్ర, ఇన్సులిన్ ఎలా మార్చాలో ముందే డాక్టరును అడిగి రాయించుకోండి. అలాగని పండ్లరసాలు, చక్కెర వేసిన జావలతో నడిపితే చక్కెర పెరిగి పుండు మానడం ఆలస్యమవుతుంది. వాళ్లకు పెసరకట్టు, గుడ్డు, పెరుగు, పనీరు ముందు, జావ తరువాత. రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపకూడదు, ఆ సంగతి పళ్ల డాక్టరుకు, గుండె డాక్టరుకు ఇద్దరికీ తెలియాలి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

నొప్పి రోజురోజుకూ తగ్గాలి. మూడో రోజు ప్రాంతంలో తగ్గుతున్న నొప్పి హఠాత్తుగా పెరిగి, చెవి వైపు పాకుతూ, నోరు దుర్వాసన వేస్తుంటే గుంటలోని గడ్డ ఊడిపోయి ఉండవచ్చు. డాక్టరు గుంటను శుభ్రం చేసి మందు పెడితే త్వరగానే ఉపశమనం కలుగుతుంది. ఓర్చుకోవలసిన పని లేదు. శుభ్రమైన గుడ్డ ముక్కను అరగంట కరిచి పట్టుకున్నా ఆగని రక్తం, జ్వరం, మూడు రోజుల తరువాత కూడా పెరుగుతున్న వాపు, మరునాటికి కూడా వదలని పెదవి తిమ్మిరి, వీటిలో ఏది కనిపించినా ఫోను చేయండి. గుటక పడకపోయినా, ఊపిరి అందకపోయినా రాత్రీ పగలూ చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఎనిమిదో రోజు తరువాత

కుట్లు తీశాక, లేదా కరిగాక, పైకి అంతా మానినట్లే కనిపిస్తుంది. గుంట మాత్రం లోపల నిండడానికి ఇంకా వారాలు పడుతుంది. మెత్తటి సెట్ దోసె, నెయ్యి రాసి మడతపెట్టి ఉంచిన పలుచని పుల్కా, బాగా ఉడికిన కూరలు ఒక్కొక్కటిగా తెచ్చుకోండి. ఒక పూట ఒక కొత్త పదార్థం. ఆ పూట గుంటలో సలుపు లేకపోతే మరునాడు ఇంకొకటి. నిమ్మకాయ పిండిన పప్పు, పలుచని చారు చురుక్కుమనకుండా దిగితే కొద్దిగా కారం వేసుకోవచ్చు. మురుకులు, వేరుశెనగలు, మిక్చరు, పేలాలు, అప్పడాలు అన్నిటికంటే చివర. వాటి పదునైన ముక్కలు కొత్త చిగురును కోస్తాయి. నువ్వులు, గసగసాలు, పోపులో ఆవాలు కూడా వాటితో పాటే.

మా పై అంతస్తు కుర్రవాడు పదహారో రోజున గిన్నె పట్టుకుని వచ్చి, ఈసారి పప్పులో పోపును వడకట్టకుండా వేయమన్నాడు. డాక్టరు చూసి సరేనన్నారని చెప్పాక, ఆవాలు తగ్గించి, కరివేపాకు ఎక్కువ వేసి పెట్టాను. రెండో వైపే నములుతూ గిన్నె ఖాళీ చేశాడు.